సముద్రం వదలని పడవ

"చెప్తే నమ్మరు గానీ, ఆ రెక్కల పడవ మునగకుండా తేలతా ఉండాదంటే ఈ చేతులవల్లే" అని సుబ్బరాయలు రెండు అరచేతులూ తెరిచి టీ బల్లమీద పెట్టాడు.

మేట్టుపాళయం ఫ్యాక్టరీల ఎస్టేటు గేటు పక్కన కన్నియమ్మాళ్ టీ కొట్టు. సాయంత్రం షిఫ్టు వదలగానే సుబ్బరాయలు అక్కడ చేరతాడు. ఫైబర్ పడవలు చేసే షెడ్డులో మేస్త్రీ. ఆయన నోట్లో మాట చిన్నపిల్లగా పుట్టి, టీ చల్లారేలోపలే పెళ్లీడుకొస్తుందని ఎస్టేటు అంతా ఎరుగుదురు. అయినా వింటారు. వినకపోతే టీ రుచించదు.

ఆ రోజు మాత్రం కొట్టులో ఎవరికీ నవ్వే మనసు లేదు. మర్నాడు పొద్దున రెక్కల పడవకి ఆఖరి పరీక్ష. అది పడవా కాదు, విమానమూ కాదు. నీళ్లమీద పరుగెత్తి పరుగెత్తి కాస్త పైకి లేస్తే చాలు, రెక్కలకీ నీళ్లకీ మధ్య గాలి దిండులా ఒత్తుకుని దాన్ని మోస్తుంది. ఇక నీటిని అంటీ అంటనట్టు బస్సుకన్నా జోరుగా పోతుంది. వేటకి పోయి తిరగబడిన పడవల దగ్గరికి తొందరగా చేరడానికని దాన్ని కడుతున్నారు. చిక్కంతా ఆ 'కాస్త పైకి లేవడం' దగ్గరే వచ్చింది. ఎన్నిసార్లు పరుగెత్తించినా ముక్కు ఎత్తి, ఆయాసపడి, మళ్లీ నీళ్లలోనే కూలబడుతోంది. రేపు కూడా లేవకపోతే దాన్ని కోసి పక్కన పడేసి, షెడ్డులో నీళ్ల ట్యాంకులు చేస్తామని ఓనరు చెప్పేశాడు.

పడవ నడిపేది శిలంబరసన్. సోలై నగర్ కుర్రాడు. పోయిన తుపానులో వాళ్ల చిన్నాన్న పడవ తిరగబడితే, మనుషులు అక్కడికి చేరేసరికి పొద్దు వాలిపోయింది. అప్పటికి పట్టుకుని వేలాడే ఓపిక ఆయనకి మిగల్లేదు. అందుకే శిలంబరసన్‌కి ఈ పడవ లేవడం ఒక పట్టుదల. రేపటి సంగతి తల్చుకుంటూ, చేతిలో టీ చల్లారిపోతున్నా తాగకుండా కూర్చున్నాడు.

"ఏంది మామా, మళ్లీ మొదలుపెట్టినావా?" అన్నాడు.

"వినరా తంబీ. చిన్న సంగతే, పెద్ద గొప్పేం కాదు. అచ్చులోనుంచి తీసిన బాడీని నా దగ్గరికి తెచ్చి పడేసిరి, నున్నగా చెయ్యమని. నేను బోర్లించి అడుగు తడిమి చూస్తి. చూస్తే ఏముండాది? అడుగున అడ్డంగా ఒక మెట్టు, ఆ మెట్టు వెనకాల వరసగా బొక్కలు! చిటికెన వేలు పట్టేటన్ని. పడవకి, అడుగున, బొక్కలు! నాకు ఒళ్లు మండిపాయె. ఎవుడో డ్రిల్లు చేతికి దొరికిందని ఆడుకున్నాడనుకుంటి. మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండాదక్కా, మా తాత పెట్టింది. పడవ అడుగున బొక్క కనబడితే అది పూడ్చేదాకా మెతుకు ముట్టకూడదు. ఆ పూట నేను కేరేజీ తెరవలే. రెసిను కలిపి, లోపల కుక్కి, పైన పుట్టీ ఒత్తి, వాటర్ పేపరుతో రుద్ది రుద్ది, రంగు కొట్టి, అద్దం చేసి పెడితి. ఆ అడుగులో చూసి తల దువ్వుకోవచ్చు."

"దువ్వుకునేదానికి నీ తల్లో ఏముండాది మామా?"

"అప్పుడుండె తంబీ. ఆ పడవ కోసం రుద్ది రుద్దే ఇట్లయింది."

కన్నియమ్మాళ్ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అప్పుడే దీపా వచ్చింది. కోసపాళయం పిల్ల. రెక్కల పడవ గీతలూ లెక్కలూ అన్నీ ఆమెవే. రెండేళ్లుగా ఆ పడవ తప్ప ఇంకో మాట లేదు. ఎవరినీ పలకరించకుండా బల్ల చివర కూర్చుంది. కన్నియమ్మాళ్ అడక్కుండానే టీ తెచ్చి ముందు పెట్టింది.

దీపా మొహం చూడగానే సుబ్బరాయలుకి గొంతు సర్దుకోవాలనిపించింది. ఆడపిల్ల అట్లా మొహం వేలాడేసుకుని కూర్చుంటే ఊరుకునే మనిషి కాదు ఆయన. ఊరడించడానికి ఆయనకి తెలిసిన దారి ఒకటే.

"ఏం అమ్మణ్ణీ, లేవలేదు లేవలేదని మీరంతా ఏడస్తా ఉండారే. అది లేచింది. పోయిన ఆదివారం. నేను లేపితి."

"ఆదివారం తాళం నా దగ్గరుండె మామా" అన్నాడు శిలంబరసన్.

"దానికి తాళమెందుకురా, నా గొంతు వింటే చాలు, దూడ మాదిరి వస్తాది. పొద్దు పొడవకముందే సోలై నగర్ ఒడ్డునుంచి ఒక్కణ్ణే తోసుకుని పోతి. అల లేదు, గాలి లేదు, సముద్రం పాలగిన్నె మాదిరి ఉండాది. ఇంజను గట్టిగా తిప్పితి. ముక్కెత్తింది. ఎత్తి ఏం లాభం? నీళ్లు దాని అడుగుని పట్టుకుని వదల్లే. ఎట్ల పట్టుకునుండాయంటే, పెనానికి దోసె పట్టుకున్నట్టు. ఏమక్కా, దోసె పెనానికి పట్టుకుంటే ఏం చేస్తావు?"

"ఉల్లిగడ్డ సగానికి కోసి, నూనెలో ముంచి రుద్దుతా."

"అదీ! ఇంజను మారిస్తిరి, వెనకాల తోసే ఫ్యాను మారిస్తిరి, రెక్కల అంచులు వంచి చూస్తిరి. ఉల్లిగడ్డ సంగతి ఒక్కరికన్నా తట్టెనా? నేను వెనక్కి తిరిగి, పెద్ద మార్కెట్టుకి పోయి, ఒక మూట ఉల్లిగడ్డలు తెచ్చి, నువ్వుల నూనెలో ముంచి, దాని అడుగంతా రుద్దితి. మళ్లీ తోస్తి. ఆ తర్వాత ఏమైందో తెలుసునా?"

"ఏమైంది, వాసనకి చేపలొచ్చి పులుసు అడిగినాయా?"

"నువ్వు ఎగతాళి చెయ్యి తంబీ, నాకేం. జానెడు లేచె. జానెడు లేస్తే నాకు లెక్కలోకి వస్తాదా? ఇంకా తిప్పితి. మనిషెత్తు. ఇంకా తిప్పితి. టెంకాయ చెట్టెత్తు. సరే, ఇప్పుడు తేలికైంది గదా అని కాలు చాపుకుని కూర్చుని బీడీ ముట్టించుకుంటి. గాలికి బీడీ ఆరలే, చూసుకో, అంత మెత్తగా పోతా ఉండాది. కానీ ఏందో బరువు. ఎనకాల ఎవురో పట్టుకుని లాగినట్టుండాది. తిరిగి చూస్తి. ఆ తర్వాత ఏమైందో తెలుసునా?"

ఈసారి ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. దీపా కూడా తలెత్తింది.

"సముద్రం! సముద్రం అడుగుని అంటుకునే పైకి లేచి వస్తా ఉండాది! దుప్పటిని నడిమధ్యన పట్టి ఎత్తితే అంచులన్నీ ఎట్ల జరిగొస్తాయి? అట్ల. వేటకి పోయిన పడవలు జారుడుబండమీద పిల్లల మాదిరి జర్రున జారతా ఉండాయి. చేపలు యాడికి పోవాల్నో తెలీక ఒకదాని మొహం ఒకటి చూసుకుంటా ఉండాయి. బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచేవాళ్లు గోడ పట్టుకుని నిలబడిపోయిరి. ఎర్రటోపీ పోలీసు విజిలేసి, 'ఏమయ్యా, సముద్రాన్ని యాడికి ఎత్తుకుపోతా ఉండావు, పర్మిషన్ ఉండాదా' అని చెయ్యి అడ్డం పెట్టె. 'ఇప్పుడే తెచ్చి పెడతా సార్, సంతకం తర్వాత చేస్తా' అంటి."

"పోనిచ్చినాడా?"

"సలాం కొట్టి పోనిచ్చె. కిందికి చూస్తే అంతా ఎండిన నేల. పీతలు సిగ్గుపడి ఇసక కప్పుకుంటా ఉండాయి. పాత ఓడరేవు ఇనప కాళ్లు, మా తాత పోగొట్టుకున్న లంగరు, అన్నీ కనబడె. మాసి మగం పండగనాడు సముద్రంలో మునిగినప్పుడు నీ ముక్కుపుడక పోయింది గదక్కా, అదీ కనబడె. తళతళా మెరస్తా ఉండాది."

కన్నియమ్మాళ్ చెయ్యి తెలీకుండానే ముక్కుమీదికి పోయింది. "తెచ్చినావా మరి?"

"టెంకాయ చెట్టెత్తులో ఉండా గదక్కా, చెయ్యి అందలే. కారైక్కాలు దాటితి. అక్కడివాళ్లు ఒడ్డున నిలబడి 'మా సముద్రం మాకియ్యి' అని ఒకటే గోల. ఇంకాస్తసేపు పట్టుకునుంటే లంకవాళ్లు చెప్పులేసుకుని నడిచొచ్చి మన ఊళ్లో రొట్టె కొనుక్కుని పోయేవాళ్లు. అంతలో ఇంజను దగ్గడం మొదలుపెట్టె. ఏం చేస్తాది పాపం, సముద్రాన్నంతా మోస్తా ఉండాది. 'వదలమ్మా గంగమ్మా, వదిలెయ్ తల్లీ' అని మొక్కితి. వదల్లే. ఎట్ల వదుల్తాది? నీళ్లు వదలాలంటే మధ్యలోకి రవ్వంత గాలి దూరాల. గాలి దూరేదానికి ఆ అడుగున సూదిమొన పట్టే సందుండాదా? బొక్కలన్నీ పూడ్చి అద్దం చేసింది ఎవురు? ఈ సుబ్బరాయలు!"

బల్లమీద ఒక్క దెబ్బ వేశాడు. గ్లాసులు గలగలలాడాయి. అందరి టీలూ కొంచెం కొంచెం ఒలికాయి.

"చివరికి నేనే మెల్లగా తెచ్చి, దింపి, అంచులు సర్ది, ముడత లేకుండా పరిచి, ఇంటికి పోయి పండుకుంటి. కావాలంటే ఇప్పుడు పోయి చూడండి, ఎక్కడన్నా ఒక్క ముడత ఉండాదేమో."

శిలంబరసన్ పగలబడి నవ్వాడు. రేపటి బెంగ ఆ కాసేపూ ఎటో పోయింది. కన్నియమ్మాళ్ కళ్లు తుడుచుకుంది. సుబ్బరాయలు చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి, నెగ్గిన మొహంతో దీపా వైపు చూశాడు.

దీపా నవ్వలేదు. ఒలికిన టీలో ఆమె గ్లాసు అడుగు బల్లకి పట్టుకుంది. ఎత్తబోతే కాస్త మొరాయించి, టప్పుమని వదిలింది. ఆమె దాన్ని మళ్లీ తడిలో పెట్టి ఒత్తింది. మళ్లీ ఎత్తింది.

"ఏ బొక్కలు మామా?"

"ఏంది అమ్మణ్ణీ?"

"ఇప్పుడన్నావే. ఏ బొక్కలు పూడ్చినావు?"

"పోనీలే పాపా" అంది కన్నియమ్మాళ్. "సముద్రాన్నే ఎత్తిన మనిషికి బొక్కలు పూడ్చడమొక లెక్కా? నువ్వు రాకముందే చెప్పినాడులే, పడవ అడుగున ఏవో బొక్కలుంటే తిండి మానుకుని పూడ్చినాడంట."

"మెట్టు వెనకాలవా?" దీపా ముందుకి వంగింది. "వరసగా ఉండేవా?"

సుబ్బరాయలు అవునన్నట్టు తలాడించాడు.

"అవి నేను పెట్టించినవి మామా. గాలి కోసం." ఆమె గ్లాసుని తడిలో ఒత్తిపెట్టి, ఒక పక్క కొంచెం వంచింది. ఈసారి చప్పుడు లేకుండా వచ్చేసింది. "పడవ జోరందుకున్నాక ఆ మెట్టు వెనకాల నీళ్లు అడుగుని పీల్చి పట్టుకుంటాయి. పైనుంచి పైపుల్లో గాలి దిగి, ఆ బొక్కల్లోనుంచి పోతే నీళ్లు వదుల్తాయి. పైపుల మూతులు పైన తెరిచే ఉండాయి. రోజూ చూసినా. ఇంజను చూసినా, ఫ్యాను చూసినా, రెక్కలు చూసినా. ఒక్కసారి కింద పండుకుని అడుగు చూడలే. నాకు లెక్కే రాదనుకున్నా మామా. ఇన్నాళ్లూ అదే అనుకుని ఏడ్చినా."

శిలంబరసన్ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. "ఉండు దీపా. ఈయన మాట నమ్మి పడవకి బొక్కలు పొడుస్తావా? ఇదీ కోతేమో? రేపు దాంట్లో కూర్చోవాల్సింది నేను. నీళ్లు లోపలికి రావా?"

"రావు. పైపుల మూతులు నీళ్లకి బాగా పైన ఉండాయి. ఎక్కినా పైపులోనే ఆగతాయి. కానీ పూడ్చింది నిజమో కాదో మామే చెప్పాల. లేని బొక్కలకోసం అడుగు గీకితే ఉన్న బాడీ పాడైపోతాది."

శిలంబరసన్ లేచి వచ్చి సుబ్బరాయలు ముందు నిలబడ్డాడు. "మామా. నువ్వు ఇన్నాళ్లూ చెప్పినవన్నీ విన్నా. ఏదీ అడగలే. ఇది ఒక్కటి అడుగుతా ఉండా. పూడ్చినావా, లేదా?"

'అదీ కోతేరా' అని ఒక్క మాట అంటే చాలు. అందరూ నమ్ముతారు. నవ్వి, టీ తాగి, ఇళ్లకి పోతారు. రేపు పడవ లేవకపోయినా ఆయన్ని ఎవరూ ఏమీ అనరు. జీవితమంతా తన మాట నమ్మమని ఊరిని బతిమాలిన మనిషికి, ఆ క్షణంలో నమ్మకపోతే బాగుండునని నిజంగా అనిపించింది.

"పూడ్చినా" అన్నాడు.

"ఒట్టు?"

"ఈ చేతులమీద ఒట్టు తంబీ."

"మరి సముద్రం?"

సుబ్బరాయలు తల వంచుకున్నాడు. "సముద్రాన్ని ఎత్తలే" అన్నాడు మెల్లగా. ఆ మాట చెప్పడమే ఆయనకి ఇంకా కష్టమైనట్టుంది.

పొద్దు వాలకముందే ముగ్గురూ షెడ్డుకి పోయారు. పడవ కింద గోనెపట్టా పరుచుకుని సుబ్బరాయలు వెల్లకిలా పడుకున్నాడు. నున్నటి అడుగులో కంటికి ఏమీ కనబడలేదు. ఆయన కళ్లు మూసుకుని వేళ్లతో తడుముతూ, గోటితో తడుతూ, ఒక్కోచోట ఆగి సుద్దతో చుక్క పెట్టాడు. తను అంత బాగా పూడ్చినందుకు మనసులో ఒక మూల ఇంకా గర్వంగానే ఉంది. ఆ గర్వం మీద ఆయనకే విసుగొచ్చింది.

డ్రిల్లు దీపా అందించింది. మొదటి చుక్క దగ్గర ఆయన చెయ్యి ఆగింది.

"పడవకి బొక్క పొడిచే రోజొకటి వస్తాదని అనుకోలే అమ్మణ్ణీ. మా తాత చూస్తా ఉంటే చెయ్యి విరగ్గొడతాడు."

"నేను పొడవనా మామా?"

"వద్దు. పూడ్చిన చెయ్యే పొడవాల."

తెల్లటి పొడి ఆయన మొహం మీద రాలింది. చివరి బొక్క కూడా తెరుచుకున్నాక, శిలంబరసన్ పడవమీదికెక్కి ఒక్కో పైపు మూతికీ నోరు పెట్టి ఊదాడు. కింద పడుకున్న సుబ్బరాయలు చెంపకి గాలి తగిలింది. తర్వాత నుదుటికి. తర్వాత కనురెప్పకి.

"వస్తా ఉండాదా మామా?" పైనుంచి అరిచాడు.

"వస్తా ఉండాది తంబీ. వస్తా ఉండాది."

తిరిగి పోతూ ఉంటే కన్నియమ్మాళ్ ఇడ్లీ పొట్లం కట్టి ఇచ్చింది. ఆయన పుచ్చుకోలేదు. "బొక్క కనబడితే పూడ్చేదాకా ముట్టకూడదన్నాడు మా తాత. ఇప్పుడు నేనే పెట్టినా, వాటిమీద ఒక బిడ్డని కూర్చోబెట్టి సముద్రంలోకి పంపతా ఉండా. వాడు తిరిగొచ్చేదాకా వద్దులే అక్కా" అన్నాడు. ఆమె మళ్లీ బలవంతం చెయ్యలేదు.

పొద్దున సోలై నగర్ ఒడ్డున ఓనరు కారు దిగకుండానే చూస్తున్నాడు. సుబ్బరాయలు అందరికీ దూరంగా, మోకాలిలోతు నీళ్లలో నిలబడ్డాడు. అలలు పడే చోటు దాటాక రెక్కల పడవ జోరందుకుంది. ముక్కెత్తింది. ఎప్పుడూ కూలబడే చోటికి వచ్చింది. వెనకాల తెల్లటి నురుగు గీత సాగుతూ సాగుతూ ఉండి, ఒక్కసారి తెగిపోయింది. పడవకీ నీళ్లకీ మధ్య సన్నటి వెలుగు కనబడింది. దీపా అక్కడే ఇసకలో చతికిలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. ఓనరు కారు దిగాడు.

పడవ ఒడ్డుకొచ్చి, శిలంబరసన్ కాలు నేలమీద పెట్టేదాకా సుబ్బరాయలు నీళ్లలోనుంచి బయటికి రాలేదు.

ఆ సాయంత్రం టీ కొట్టులో నిలబడే చోటు లేదు. మధ్యలో శిలంబరసన్.

"మనిషెత్తు లేచిందక్కా! కింద చేపలు నన్ను తలెత్తి చూస్తా ఉండాయి. అప్పుడు నేను ఇంకాస్త తిప్పితి. ఆ తర్వాత ఏమైందో తెలుసునా?"

"జానెడు" అన్నాడు సుబ్బరాయలు.

ఆయన బల్ల చివర కూర్చుని రెండో ప్లేటు వడలు తింటున్నాడు. అందరూ అటు తిరిగారు.

"జానెడే లేచింది తంబీ. నేను చూసినా." బొటనవేలూ చిటికెనవేలూ చాపి చూపించి, మళ్లీ వడ తుంచాడు.

కన్నియమ్మాళ్ ఆ చేతివంకా ఆయన మొహంవంకా మార్చి మార్చి చూసింది. ఆమెకి ఏదో పోగొట్టుకున్నట్టయింది.

"ఇన్నేళ్లకి ఒక్క నిజం చెప్పినావు రాయలన్నా. అదీ జానెడేనా?"